గొంతు పెట్టె

మూడో అంతస్తు, మెట్ల పక్క వాటా

తమ్ముడూ,

ఉత్తరమన్నాక "మేము క్షేమం" అని మొదలుపెట్టాలంటారు. ఇక్కడ క్షేమం లేదు. లేనిదాన్ని ఉందని రాసి సిరా దండగ చెయ్యడమెందుకని నేరుగా సంగతిలోకి వస్తున్నాను.

నా కంప్యూటరు డబ్బా మొరాయిస్తోంది. కొన్నాళ్ళుగా స్విచ్చి వేస్తే ఒక పట్టాన లేవడం లేదు. లేచినా నల్లటి తెర మీద తేదీ ఎంత, టైమెంత అని నన్నే అడుగుతుంది. చెప్తాను. మర్నాటికి మళ్ళీ మర్చిపోతుంది. మర్చిపోయేవాళ్ళు ఈ ఇంట్లో ఒకరు చాలరా?

నవ్వకు. నీకు అలమారా నిండా పాత కంప్యూటర్లున్నాయి, ఒకటి పోతే ఇంకోటి దుమ్ము దులుపుతావు. నాకున్నది ఇదొక్కటే. డాక్టర్లు నా గొంతు కోసి తీసేశాక, మెడలో బెజ్జంతో ఊపిరి పీల్చడం తప్ప ఇంకేమీ పలకలేని మనిషినయ్యాక, మీ బావ వాళ్ళ ఆఫీసులో పారేస్తున్న ఈ డబ్బాని ఇంటికి మోసుకొచ్చాడు. ఎక్కడో సంపాదించిన గొంతు పెట్టెని దానికి తగిలించాడు. ఆ పెట్టెకి తెలుగు రాదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చి కూర్చుని, ఒక్కో మాటా పలికించి, బాగోలేదని చెరిపి, ఏళ్ళ తరబడి దానికి తెలుగు నేర్పాడు. నేను మీటలు నొక్కితే అది మాట్లాడుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఉంటుంది, అయినా నా గొంతు అదే. దాంతో నేను పలికించిన మొట్టమొదటి మాట "బూట్లు గుమ్మం బయట". ఆయన బూట్లు విప్పి బయట పెట్టి వచ్చి, కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

ఇప్పుడు ఆయన్ని చూస్తే నువ్వు తట్టుకోలేవు. చక్కెర జబ్బు ముందు కళ్ళు తీసుకుంది, తర్వాత వేళ్ళలో స్పర్శ తీసుకుంది. ఈ మధ్య మతి కూడా పోతోంది. ఆ ప్రోగ్రాం రాసింది తనేనని తెలియదు. ఏ ఆఫీసులో పనిచేశాడో తెలియదు. నా చెయ్యి ఆయన చేతిలో పెడితే అది ఎవరిదో తెలియదు. తెలిసిందల్లా పెట్టె గొంతు. మీటలు టకటకమన్నాక పెట్టె "నేనే, నోరు తెరవండి" అంటే తెరుస్తాడు. "మాత్ర" అంటే మింగుతాడు. అది మూగబోయిన రోజున ఈ ఇంట్లో ఆయనకి పెళ్ళాం లేదు. నా భయం అర్థమైందా?

కాపీ తీసి పెట్టలేదా అని గుడ్లురుముతావు. బావ ఫ్లాపీల మీద తీసి అలమారా అడుగున దాచాడు. వెతికి చూశాను. గోడ చెమ్మకి అన్నీ బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

నువ్వు ఇప్పట్లో రాలేవని తెలుసు. ఫోన్లో చెప్పుకుందామంటే నాకు నోరు లేదు, మెసేజీ కొడదామంటే ఆ డ్యామ్ లోయలో నీకు సిగ్నల్ లేదు. అందుకే ఈ కాగితం. ఏం చెయ్యాలో చిలక్కి చెప్పినట్టు చెప్పు, చేస్తాను.

నీ అక్క


డ్యామ్ కింద, పంపుల గది

అక్కా,

నీ ఉత్తరం సామాన్ల వ్యాను డ్రైవరు తెచ్చిచ్చాడు. పంపుల మోతలో నిలబడే చదివాను.

ముందు నా గోడు విను. ఇక్కడ పంపుల్ని నడిపే కంప్యూటరు కూడా మీ డబ్బా ఈడుదే. దాని బదులు కొత్తది పెడుతున్నారు. కొత్తది కుదురుకునేదాకా పాతది ఆగకూడదు, ఆగితే కింద ఊళ్ళో కుళాయిలు ఆగుతాయి. దాని అలకలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కొత్త ఇంజనీర్లు నన్ను కూడా దాంతోపాటే తుక్కులో వేసేలా చూస్తున్నారు, అది వేరే సంగతి. వానలు తగ్గేదాకా నేనిక్కణ్ణించి కదల్లేను.

ఇక నీ డబ్బా. తేదీ మర్చిపోతోందన్నావు చూడు, రోగం అక్కడే దొరికింది. లోపల బోర్డు మీద నీలం తొడుగుతో చిటికెనవేలంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్నీ, డిస్కు కొలతల్నీ యంత్రం జ్ఞాపకం పెట్టుకునేది దాని బలంతోనే. దాని బలం తగ్గితే ముందు గడియారం తప్పుతుంది, కొలతలు ఇంకొన్నాళ్ళు నిలుస్తాయి. అది ముసలిదయ్యాక కారడం మొదలుపెడుతుంది. కారిన రసం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. అలా చచ్చిన యంత్రాల్ని ఎన్ని చూశానో! పైకి నిగనిగలాడుతుంటాయి, మూత తీస్తే లోపల పచ్చటి పుండు. అందుకని పాత యంత్రాలు పోగేసే మా పాతసామాన్ల వాళ్ళది (బావ నాకు పెట్టిన పేరే ఇప్పుడు మా అందరి పేరూ) ఒకటే ఆచారం. ఏ పాత యంత్రం చేతికొచ్చినా ముందు బ్యాటరీ తుంచి పారెయ్యి, మిగతా ఊసు తర్వాత.

నువ్వు చెయ్యాల్సిందీ అదే. ప్లగ్గు పీకు. వెనక మరలు విప్పి మూత తియ్యి. బ్యాటరీ కాళ్ళు రెండూ కటింగ్ ప్లేయరుతో తుంచు. చుట్టూ పచ్చటి పొడి ఉంటే వెనిగర్ చుక్క వేసి పాత టూత్‌బ్రష్షుతో రుద్దు, బాగా ఆరనియ్యి.

బ్యాటరీతో పాటు డిస్కు కొలతలు కూడా పోతాయి. కంగారుపడకు. అవి డిస్కు నెత్తి మీది చీటీలో అచ్చువేసే ఉంటాయి, చూసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. మనిషి మతికి ఆ సౌకర్యం లేదు గానీ యంత్రానికి ఉంది.

ఆలస్యం చెయ్యకు. రసం లోపలి పొరల్లోకి దిగితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా బాగుచెయ్యలేడు. బావకి నా మాటగా పెట్టె చేత ఒక వేళాకోళం ఆడించు, ఏదో ఒకటి.

నీ పాతసామాను


మూడో అంతస్తు, మెట్ల పక్క వాటా

పాతసామానూ,

చేశాను. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ టార్చిలైటు పట్టుకుంది, నేను తుంచాను. నువ్వు చెప్పినట్టే నీలం తొడుగు, చుట్టూ పచ్చటి పొడి. కోయించుకోవడం అలవాటే గానీ కోయడం నాకు కొత్త.

స్విచ్చి వేస్తే మునుపటికంటే చలాగ్గా లేచింది. లేచి, డిస్కు లేదంది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని సామెత. నాకు గొంతు ఎటూ లేదు, మిగిలింది ఆ నాలిక ఒక్కటే. కాస్త చూసి వైద్యం చెయ్యి తండ్రీ.

చీటీ మీది అంకెలు రాసిపెట్టుకున్నాను. వాటినెక్కడ ఎక్కించాలో చెప్పు.

ఈలోగా నా అవస్థ చూడలేక కుట్టుపని ఆవిడ నా ఫోన్లో ఏదో పెట్టిచ్చింది. నేను టైపు చేస్తే అందులోంచి ఒక పిల్ల మాట్లాడుతుంది. వార్తలు చదివేవాళ్ళలా చక్కగా, తియ్యగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. మీ బావ దగ్గర పెట్టి "పాలు తాగండి" అని పలికించాను. ఆయన ఉలిక్కిపడి మంచం మీద గోడ దాకా జరిగాడు.

"ఎవరమ్మా నువ్వు? లోపలికెలా వచ్చావు?" అన్నాడు. తర్వాత నన్ను కేకేశాడు. "ఏమేవ్, ఎవరో ఇంట్లోకి వచ్చారు. ఎక్కడున్నావే?"

నేను పక్కనే ఉన్నాను. ఏమని పలకను? పలికితే మళ్ళీ ఆ ఫోను పిల్లే పలుకుతుంది. చెయ్యి పట్టుకోబోతే విదిలించి గ్లాసు విసిరాడు. ఆ పాలు తుడుస్తూ చాలాసేపు నేల మీదే ఉండిపోయాను. రెండు పూటలుగా సరిగా తినలేదు. త్వరగా రాయి.

అక్క


డ్యామ్ కింద, పంపుల గది

అక్కా,

డ్రైవరు బండి ఎక్కుతుంటే ఆపి రాస్తున్నాను.

స్విచ్చి వెయ్యగానే మూల మీద ఉన్న డిలీట్ మీట నొక్కి పట్టుకో. నీలం తెర వస్తుంది. అందులో డిస్కు అన్న చోట చీటీ మీది అంకెలు వరసగా కొట్టు. బయటికి రా. అప్పటికీ లేవకపోతే ఈ కవర్లో ఒక ఫ్లాపీ పెట్టాను. ఇక్కడ పంపుల యంత్రం పడకేసినప్పుడల్లా వాడేది ఇదే. దీన్ని లోపలికి తోసి స్విచ్చి వెయ్యి చాలు. డిస్కులో ఎక్కడ దెబ్బ తగిలిందో అదే వెతుక్కుంటుంది, అదే సరిచేస్తుంది. నిన్ను ఒక్క ప్రశ్న కూడా అడగదు. నువ్వు కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చో.

బావకి కాస్త తేనె నీళ్ళయినా... అది కూడా కూడదు కదూ. ఎలాగో తినిపించు అక్కా.

తమ్ముడు


మూడో అంతస్తు, మెట్ల పక్క వాటా

తమ్ముడూ,

నీ ఫ్లాపీ అద్భుతం రా. ముందు అంకెలు ఎక్కించాను. డిస్కు ఉందంది, నా ప్రాణం లేచొచ్చింది. కానీ మొదలుపెట్టడానికి అందులో ఏమీ దొరకలేదంది. సరే అని నీ ఫ్లాపీ తోశాను. తెర కింద పసుపుపచ్చ గీత ఒకటి నెమ్మదిగా నిండుతూ వచ్చింది. దెబ్బ దొరికిందంటుంది, సరిచేశానంటుంది. ఇంకోటి దొరికిందంటుంది, సరిచేశానంటుంది. అన్ని దెబ్బలతో ఇన్నాళ్ళూ ఎలా మాట్లాడిందో పాపం అనుకున్నాను. కుట్టుపని ఆవిడ మిషను వదిలి వచ్చి నా పక్కనే కూర్చుంది. గీత నిండినప్పుడు ఇద్దరం చప్పట్లు కొట్టాం.

అయిపోయాక ఫ్లాపీ తీసి స్విచ్చి వేశాను. ఏమీ లేదు. తెల్లటి గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ ఉంది, అంతే. మళ్ళీ ఫ్లాపీ పెట్టి లోపల ఏముందో చూద్దును కదా, బావ పెట్టిన పేర్లు ఒక్కటీ లేవు. అన్నిటికీ ఒకటే పేరు, పక్కన వరస నంబర్లు. గుట్టలు గుట్టలుగా. ఒకటి తెరిస్తే పిచ్చి గీతలు, చుక్కలు. ఇది ఇలాగే ఉంటుందా? ఇంకా చెయ్యాల్సింది ఏమన్నా మిగిలిందా?

మీ బావ పగలంతా గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, "వచ్చావా?" అంటాడు. నేను వెనకే నిలబడి ఉంటాను. ఫోను పిల్లతో పిలిపిస్తే వణికిపోతున్నాడు. తిండి పెట్టబోతే పళ్ళు బిగపట్టి, "మా ఆవిడ రానీ" అంటున్నాడు. ఈ ఇంటికి అంత మంచి పెళ్ళాం ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

త్వరగా చెప్పరా.

అక్క


డ్యామ్ కింద, పంపుల గది

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందినది. డిస్కు బాగా పాతది. పాత డిస్కులు ఇలాగే ఉన్నట్టుండి పోవడం మామూలే. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇంక దాని జోలికి వెళ్ళవద్దు.

నా అలమారాలో అటువంటి గొంతు పెట్టె ఒకటి ఉన్నది. ప్రోగ్రాం కొత్తగా రాయడానికి ప్రయత్నిస్తాను. బావగారి ఆరోగ్యం జాగ్రత్త. నీ ఆరోగ్యం కూడా జాగ్రత్త.

ఇట్లు,
తమ్ముడు


ఆసుపత్రి వరండా, బెంచీ మీద నుంచి

తమ్ముడూ,

"అందినది" ఏమిటి? "బావగారు" ఏమిటి? "ఇట్లు" ఏమిటి? నాకు ఉత్తరం రాశావా, మునిసిపల్ కమిషనర్‌కి రాశావా? ఒక వేళాకోళం లేదు, ఒక తిట్టు లేదు. చిన్నప్పుడు ఏదన్నా పగలగొట్టిన రోజునే నువ్వు ఇంత మర్యాదగా ఉండేవాడివి. ఎవరూ అడక్కుండానే ఎవరి తప్పూ లేదని రాసినవాడు ఏం చేసి ఉంటాడో తెలుసుకోలేనంత వెర్రిదాన్ని కాదు. నీ ఫ్లాపీయేగా? నేను చప్పట్లు కొట్టింది నా గొంతు రెండోసారి తెగుతున్నందుకేగా?

తిట్టాలని కూర్చున్నాను. రాస్తుంటే కోపం జారిపోతోంది, దానికి కూడా ఓపిక కావాలి.

మీ బావకి నీరసం వచ్చి పడిపోతే ఇక్కడికి తెచ్చాం. సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, నోటితో తినిపించుకోకపోతే ఇలా ఎన్నాళ్ళో లాగలేం అంది. బయటికొచ్చి ఈ బెంచీ మీద కూర్చుంటే ఒకటి తట్టింది. ఇక్కడ నర్సులు చెప్తే ఆయన వింటున్నాడు. వాళ్ళు పరాయివాళ్ళే, కానీ పరాయివాళ్ళమని చెప్పి మరీ దగ్గరికొస్తున్నారు. ఫోను పిల్లని పట్టుకుని నేనూ అలాగే వెళ్ళాను.

"నేను నర్సునండీ. మీ ఆవిడ ఊరెళ్ళారు. మీకు తినిపించమని నన్ను పెట్టి వెళ్ళారు" అని పలికించాను.

ఆయన చెవి రిక్కించి విన్నాడు. "ఆవిడే పెట్టిందా?" అన్నాడు.

"అవునండీ."

"ఎప్పుడొస్తుంది?"

"రేపు."

నోరు తెరిచాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. నా మొగుడికి నేను పరాయిదాన్నయి తినిపించాను, ఆయన నాకు "చాలా థాంక్సమ్మా" అన్నాడు. రేపు ఇంటికి పంపుతామంటున్నారు. నువ్వు రాసేదేదో త్వరగా రాయి. రేపు అన్న మాటతో నేను ఎన్ని రేపులు నెట్టగలను?

అక్క


డ్యామ్ కింద, పంపుల గది

అక్కా,

నెల దాటిపోయింది, నీకు ముఖం చూపించలేక కాదు, చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలని ఆగాను.

అవును, నా ఫ్లాపీయే. బావ మీ డబ్బాకి తగిలించిన డిస్కు మరీ పెద్దది, ఆ కాలపు యంత్రానికి అది మింగుడుపడదు. నిజమైన కొలతలు చెప్తే అది సరిగ్గా నడవదు. అందుకని బావ దానికి అబద్ధపు కొలతలు చెప్పి ఒప్పించాడు. ఆ అబద్ధాన్ని పట్టుకునే అది ఇన్నేళ్ళూ ఎక్కడ ఏముందో వెతుక్కుని నీకు మాట అందించింది. ఆ అబద్ధం బ్యాటరీలో తప్ప ఇంకెక్కడా లేదు. నేను బ్యాటరీ తీయించి, చీటీ చూసి నిజం చెప్పించాను. దాంతో దానికి తన ఇల్లే తనకి కొత్తయింది. ఏదీ ఉండాల్సిన చోట కనపడలేదు. అక్కడితో ఆగి ఉంటే పాత కొలతలు కనిపెట్టి మళ్ళీ దారికి తెచ్చుకునేవాళ్ళం. కానీ నా ఫ్లాపీ ఆ తికమకని దెబ్బలనుకుని వరసపెట్టి వైద్యం చేసేసింది. ఇక్కడ డ్యూటీ వాళ్ళు ప్రతిదానికీ నన్ను లేపుతున్నారని, ఎవర్నీ ఏదీ అడక్కుండా చేసేలా నేనే దాన్ని రాశాను. నా ఆచారం, నా తెలివి, రెండూ కలిసి నీ నోరు మూయించాయి. క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తావని తెలిసి అడగడం చవక పని.

ఇప్పుడు చేతిలో ఉన్నది చెప్తాను. కొత్తగా మాట్లాడిన రోజుల్లో నువ్వు పెట్టె చేత పలికించి నాకు పంపిన క్యాసెట్టు గుర్తుందా? దాన్ని వింటూ, నా పెట్టెకి ఒక్కో మాటా నేర్పుతూ వచ్చాను. పాత నల్ల తెర మీదే రాశాను, బావ రాసినట్టే. ఎంత చేసినా నీలా ఉండేది కాదు. తర్వాత కనిపెట్టాను, ప్రతి మాటకీ ముందు బావ చిన్న విరామం పెట్టాడు. ముందు అది యంత్రం జాప్యమనుకున్నాను. కాదు. గొంతున్న రోజుల్లో నువ్వు ఎవరినైనా ఏదైనా అనేముందు అలా ఒక్క క్షణం ఆగి చూసేదానివి. అది కూడా నేర్పాడాయన. నేనూ అది పెట్టాను. పెట్టాక "నేనే" అనిపించి చూశాను. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను అక్కా, నువ్వు గదిలోకొచ్చావనుకుని.

డిస్కులు రెండు పెట్టాను, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. కొలతలు మూత లోపల పెయింటుతో రాశాను. యంత్రం, పెట్టె రెండూ దుప్పట్లో చుట్టి డ్రైవరు చేత పంపుతున్నాను. ప్లగ్గు పెట్టి మాట్లాడు, అంతే.

ఇక్కడ పంపుల పాత కంప్యూటర్ని నిన్న ఆపేశారు. స్విచ్చి నా చేతే తీయించారు. ఇంక నేను ఎప్పుడైనా రావచ్చు.

తమ్ముడు


మూడో అంతస్తు, మెట్ల పక్క వాటా

తమ్ముడూ,

పెట్టె చేరింది. దుప్పటి తడవలేదు. బాగా చేశావు.

మీ బావ వేళకి తింటున్నాడు, నిద్రపోతున్నాడు. తొందరపడి రాకు, అలసిపోయి ఉంటావు.

అక్క


డ్యామ్ కింద, పంపుల గది

అక్కా,

ఇదేం ఉత్తరం? నేను "అందినది" అంటే ఉతికి ఆరేశావు, నువ్వు చేసిందేమిటి? పెట్టె మాట్లాడిందా? బావ విని ఏమన్నాడు? నవ్వాడా, ఏడ్చాడా, గుర్తుపట్టాడా? అదొక్కటి తెలియడానికి నేను నెలరోజులు ఇక్కడ కళ్ళు పోగొట్టుకున్నాను.

వచ్చే వారం వస్తున్నాను. ఈలోగా నిజం రాయి.

తమ్ముడు


కింది వాటా, కుట్టు మిషను బల్ల మీద

తమ్ముడూ,

పెట్టె పనిచేస్తోంది. కుట్టుపని ఆవిడ గదిలో పెట్టి పలికించి విన్నాను. నా గొంతే, ఆగి పలికే ఆ తీరుతో సహా. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నీ మీద నాకున్న కోపం ఆ బల్ల దగ్గరే పోయింది, అది నీకు చెప్పాలి.

మీ బావ ముందు మాత్రం పలికించలేదు. పలికించను. నీ పెట్టె రాకముందే నేను పోయాను.

కంగారుపడకు, రాసేది నేనే. ఆసుపత్రి నుంచి వచ్చాక "రేపు వస్తారు" అన్న మాట కొన్నాళ్ళు పనిచేసింది. తర్వాత ఆయన "రేపు, రేపు అంటున్నావు, నువ్వు కూడా వాళ్ళ మనిషివే" అన్నాడు. ఎవరి మనిషినో ఆయనకే తెలియాలి. మళ్ళీ తిండి మానేశాడు. ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు నన్ను వెతుక్కుంటూ మెట్లు దిగబోయి పడ్డాడు. కాలు చెక్కుకుపోయింది. ఆ జబ్బు మనిషికి గాయం మానదు, ముదిరితే పాదం తీసెయ్యాలని డాక్టరమ్మ అంది. తలుపుకి గడియ పెడితే ఆ తలుపు మీద తల కొట్టుకున్నాడు. నేను వెనక నుంచి పట్టుకుంటే, "వదలమ్మా, ఆవిడకి నోరు లేదు, బయట ఎక్కడో చిక్కుకుపోయి ఎవర్నీ పిలవలేక ఉంటుంది" అన్నాడు.

అప్పుడు ఆయనే ఆగి నా వైపు తిరిగి, "నర్సమ్మా, ఒట్టు, నిజం చెప్పు. ఆవిడ ఉందా, లేదా?" అన్నాడు.

ఫోను నా చేతిలో ఉంది. "లేరండీ" అని కొట్టాను. ఆ పిల్ల ఎంత తియ్యగా చెప్పిందనుకున్నావు!

ఆయన తలుపుకి ఆనుకుని జారి కూర్చున్నాడు. "బాధపడిందా?" అని అడిగాడు. "లేదండీ, నిద్రలో పోయారు" అని పలికించాను. నా భుజం మీద పడి ఏడ్చాడు. నా చావుకి నా మొగుణ్ణి నేనే ఓదార్చాను. సాయంత్రానికి, "ఏమన్నా ఉంటే పెట్టమ్మా" అన్నాడు. తిన్నాడు. గుమ్మం దగ్గర కుర్చీ తీసెయ్యమన్నాడు.

ఆ రోజు నుంచీ గొడవ లేదు. కాలు మానుతోంది. బతికుండి ఏమీ చెయ్యలేకపోయాను, చచ్చి సాధించాను. మతిమరుపు మనిషి కదా, ఇది కూడా మర్చిపోయి మళ్ళీ వెతుక్కుంటాడని పొద్దున్న లేచిన ప్రతిసారీ భయపడ్డాను. లేదు. అన్నీ మర్చిపోయే మనిషి ఇదొక్కటీ మర్చిపోవడం లేదు.

ఇంత జరిగాక నీ పెట్టె వచ్చింది. దుప్పటి విప్పి చూసి, అలాగే చుట్టి కింది వాటాకి దింపించాను. తర్వాత కూడా మనసాగక, ఒక్కసారి "నేనే" అనిపిస్తే ఏమవుతుందని ఆలోచించాను. అదే రోజు ఆయన ఫోను పిల్లకి తనంతట తనే చెప్పాడు. "నేను ముందు పోతే ఆవిడ ఎవరితో మాట్లాడుతుందమ్మా అని రాత్రిళ్ళు నాకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఆ దిగులు లేదు. హాయిగా పోవచ్చు." అంత నిమ్మళంగా ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. దాన్ని చెడగొట్టడానికి నాకు చేతులు రాలేదు.

నన్ను నిందించాలనుంటే ఎదురుగా వచ్చి నిందించు. పెట్టెని నువ్వే తిరిగి తీసుకెళ్ళు. అలమారాలో పెట్టి, ఎండా చెమ్మా తగలకుండా చూసుకో. అప్పుడప్పుడు స్విచ్చి వేసి ఏదో ఒకటి అనిపించు.

నువ్వొస్తే మీ బావ నీ గొంతు గుర్తుపడతాడనే నా నమ్మకం. గుర్తుపడితే నిన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, నీ చెయ్యి వెతికి పట్టుకుని, మీ అక్క పోయిందని చెప్తాడు. అప్పుడే విన్నవాడిలా నువ్వు ఏడవాలి. నేను పక్కనే నిలబడి ఉంటాను. పొరపాటున కూడా నన్ను అక్కా అని పిలవకు.

నీ అక్క